కాపర్ టీ కోసం కామారెడ్డికి

కాశీకి వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు, కేరళ పడవల్లో తిరిగొచ్చినవాళ్ళు రాస్తారు. నేను కామారెడ్డి వెళ్ళొచ్చాను. మా ఊరి నుంచి ఎల్లారెడ్డికి ఆటో, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సు, ఒక రాత్రి మకాం, మర్నాడు తిరుగు ప్రయాణం. దారిలో మంచుకొండలు లేవు, సముద్రం లేదు. నేను వెళ్ళింది వేలెడంత కూడా లేని ఒక ప్లాస్టిక్ ముక్కను లోపల పెట్టించుకోవడానికి. ఈ యాత్ర ఇంకా చేయనివాళ్ళ కోసం, చేయాలని ఉన్నా ఎవరిని అడగాలో తెలియనివాళ్ళ కోసం, పిల్లలిద్దరినీ పడుకోబెట్టి ఇది రాస్తున్నాను. మధ్యలో చిన్నవాడు లేస్తే వాక్యం తెగిపోతుంది, ఏమనుకోకండి.

బయలుదేరే ముందు

మా ఊళ్ళో సగం ఇళ్ళ మగవాళ్ళు గల్ఫ్‌లో ఉంటారు. అందుకని మా దగ్గర పిల్లల వయసు పుట్టినరోజుతో చెప్పరు, సెలవుతో చెప్తారు. "పెద్దోడు మొదటి సెలవుల పిల్లగాడు, చిన్నది మూడో సెలవు" అంటే అందరికీ లెక్క తెలిసిపోతుంది. సెలవుకు వచ్చిన మనిషి రెండు నెలలు ఉంటాడు. కంబళ్ళు, సెంటు సీసాలు, ఖర్జూరాలు పంచుతాడు. మళ్ళీ విమానం ఎక్కుతాడు. ఖర్జూరాలు అయిపోయే వేళకు ఇంట్లో ఒకరికి వాంతులు మొదలవుతాయి.

మా అమ్మాయి మొదటి సెలవు. మా చిన్నవాడు రెండో సెలవు. వాడిని వాళ్ళ నాన్న ఇంతవరకు ఫోన్లోనే చూశాడు. వాడు కూడా నాన్న అంటే ఫోను అనే అనుకుంటున్నాడు. ఫోను కనిపిస్తే ప్రేమగా నాకుతాడు.

వాడి కాన్పులో నాకు రక్తం ఆగలేదు. ఎవరెవరి రక్తమో ఎక్కించి లేపారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, "కనీసం మూడేళ్ళ దాకా ఇంకో కాన్పు మాట ఎత్తకు. ఇంకోసారి ఇట్లా వస్తే నేను మాట ఇవ్వలేను" అన్నది. ఇంకా ఏడాదిన్నర కూడా కాలేదు. ఇంతలో మా ఆయన దుబాయి నుంచి ఫోన్ చేసి, "వచ్చే నెల సెలవు దొరికింది" అన్నాడు. వాడకట్టు మొత్తం నన్ను చూసి ముసిముసిగా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి నుంచి మాత్రం నాకు నిద్ర లేదు. ఇద్దరు పిల్లలూ తల్లి లేకుండా ఎవరింట్లో ఎట్లా పెరుగుతారో, పెద్దదానికి జడ ఎవరు వేస్తారో, అన్నీ వరుసగా ఊహించుకున్నాను. ఊహించడంలో నాకు ఫస్ట్ క్లాస్ వస్తుంది.

డాక్టరమ్మ మాట ఆయనకు చెప్పాను. "నేను చూసుకుంట తియ్యి" అన్నాడు. పెద్దదానికి ముందు చూసుకున్నది ఆయనే. చిన్నవాడికి ముందు చూసుకున్నదీ ఆయనే.

మొగుడు గల్ఫ్‌లో ఉన్న కోడలు ఒక్కతే పట్నం పోకూడదని మా ఊరి పద్ధతి. పోతే ఊరికి వారం రోజులు చేతినిండా పని దొరుకుతుంది. అందుకని అత్తమ్మ తోడు వచ్చింది. పెద్దదాన్ని ఊళ్ళోనే ఉన్న ఆడబిడ్డ దగ్గర వదిలి, చిన్నవాడిని చంకన వేసుకున్నాం. అత్తమ్మకు సంగతి మొత్తం తెలుసు. ఒకటే షరతు పెట్టింది.

"ఏమన్న చేయించుకో గని, ఆపరేషన్ మాత్రం వద్దు."

ఇంకో మనవడు కావాలి కాబోలు అనుకున్నాను. మనసులోనే నాలుగు మాటలు అని ఊరుకున్నాను.

రహస్యంగా బయలుదేరాం కాబట్టి ఊరందరికీ తెలిసింది. ఆటో ఎక్కుతుంటే ఎదురింటి రాజవ్వ వచ్చి దీవించి పంపింది. "పైలం బిడ్డా. లింగంపేటల ఒకామెకు గా కాపర్ టీ పైకి పాకి గుండెకు ఎక్కిందట!"

ఎల్లారెడ్డి

మేం ముందు వెళ్ళిన దవాఖాన ఏదో చెప్పను. వాళ్ళు మర్యాదస్తులు, కూర్చోమని బెంచీ చూపించారు. బెంచీ మీద అప్పటికే ఏడుగురు ఉన్నారు. ఆ ఏడుగురి ముందే సిస్టర్ అడిగింది, "ఏం కావాలమ్మా?"

"కాపర్ టీ" అన్నాను, చెవిలో చెప్పినంత మెల్లగా.

"భర్త ఏం చేస్తడు?"

"దుబాయిల ఉంటడు."

సిస్టర్ కలం ఆగింది. "దుబాయిల ఉంటే నీకు కాపర్ టీ ఎందుకమ్మా?"

బెంచీ మీద ఏడుగురూ ఒక్కసారి నా వైపు తిరిగారు. ఒకామె అయితే బాగా కనపడటానికి కొంచెం ముందుకు కూడా జరిగింది. ఎండకు అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న వరండా మొత్తానికి మెలకువ వచ్చింది. అత్తమ్మ కొంగు సర్దుకొని, గొంతు పెంచి, బెంచీకంతా వినపడేటట్టు చెప్పింది.

"వచ్చే నెల వస్తుండు నా కొడుకు. సెలవు దొరికింది. గందుకు."

ఏడుగురూ మళ్ళీ ముందుకు తిరిగారు. కొంచెం నిరాశ పడ్డట్టే కనిపించింది.

"అయితే వచ్చినంక తీసుకొని రాపో" అన్నది సిస్టర్.

"వచ్చినంక వస్తే ఆలస్యమైతది కద మేడం."

పిల్లల సంగతి అడిగి ఆమె నవ్వింది. "ఒక ఆడ, ఒక మగ ఉన్నరు కద. ఆపరేషన్ చేయించుకో, ఒక్కసారి పీడ పోతది." పెళ్ళి విందులో ఇంకో లడ్డూ వేసినంత సులువుగా అన్నది. రాసుకోవడానికి కాగితం కూడా ముందుకు లాగింది. అత్తమ్మ చెయ్యి నా భుజం మీద పడింది. అంత గట్టిగా ఆమె నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు.

"ఆపరేషన్ వద్దు. కాపర్ టీనే కావాలి" అన్నాను.

"అది వేసే మేడం లేదు. ట్రైనింగ్ పోయింది."

"ఏం ట్రైనింగు?"

"కాపర్ టీ వేసుడు ట్రైనింగే."

అడిగినందుకు నాదే తప్పు.

లింగంపేట దారి

కామారెడ్డి బస్సు దొరికింది. ఆడవాళ్ళకు టికెట్ సున్నా. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా రూపాయల కాగితం చించి ఇస్తాడు. దాన్ని జాగ్రత్తగా దాచుకోమని కూడా చెప్తాడు. సర్కారు నన్ను కామారెడ్డి దాకా ఊరికే తీసుకుపోతుంది, ఎందుకు పోవలసి వచ్చిందో మాత్రం అడగదు. నేను ఫిర్యాదు చేయడం లేదు, ఊరికే చెప్తున్నాను.

లింగంపేటలో బస్సు ఆగితే కిటికీ దగ్గరికి కాల్చిన మక్క కంకులు వచ్చాయి. ఒకటి ఇరవై. "మా చేన్ల కోతులు ఊకెనే తింటయి గవి" అని అత్తమ్మ బేరం మొదలుపెట్టింది. "అయితే మీ చేన్లకే పో అవ్వా" అన్నాడు అమ్మేవాడు. బస్సు కదిలేటప్పుడు ముప్పైకి రెండు ఇచ్చాడు. ఉప్పు, కారం, నిమ్మకాయ రాసినవి. మా ఇంట్లో కంకికి నిమ్మకాయ రాయరు. ఇకనుంచి రాస్తారు.

లింగంపేటలోనే ఎక్కిన ఒకామె బీడీల గంప పెట్టుకొని నా పక్కన కూర్చుంది. అత్తమ్మ కూడా బీడీలు చేస్తుంది కాబట్టి, ఆకు మంచిది రావడం లేదని, కట్టలో సగం చినిగినవే ఉంటున్నాయని ఇద్దరూ కాసేపు తిట్టుకున్నారు. ఆ సమయం చూసి చిన్నవాడు తిన్న మక్కగింజలన్నీ నా ఒళ్ళో కక్కాడు. గంప ఒక జానెడు దూరంలో తప్పింది. బీడీలామె నన్ను కోప్పడకుండా తన కొంగు అంచుతోనే వాడి మూతి తుడిచింది. ఇంత దగ్గరయ్యాక దాచేదేముంది? సంగతి చెప్పి, గుండెకు ఎక్కిన లింగంపేట ఆమె ఎవరని అడిగాను.

"మా ఊర్ల గట్లాంటిదేం లేదు. ఆమెది తాడ్వాయి" అన్నది. "గవన్నీ ఎందుకు, ఆపరేషన్ చేయించుకో చెల్లే. నేను చేయించుకున్న. ఎంత నిమ్మలం! మొగుడు ఎప్పుడొస్తే ఏంది, ఎప్పుడు పోతే ఏంది!" అని తనే నవ్వింది.

అత్తమ్మ నవ్వలేదు. కిటికీ వైపు చూస్తూనే మాట్లాడింది.

"నాక్కూడ చేసిండ్రు. ముగ్గురైనంక. బడిల క్యాంపు పెట్టిండ్రు. గొర్రెల లెక్క వరుసగ పండుకోబెట్టిండ్రు. ఏడాది తిరగకముందే నడిపోడు పోయిండు. జరమొచ్చింది, మూన్నాళ్ళకే పోయిండు. మళ్ళ నా కడుపుల పుడతడేమో అనుకున్న. దవాఖానకు పోయి, కట్టింది విప్పుండ్రి అని అడిగిన."

"ఏమన్నరు?" అన్నది బీడీలామె.

"నగిండ్రు."

మా ఆయనకు ఒక తమ్ముడు ఉండి పోయాడని పెళ్ళైన కొత్తలోనే విన్నాను. ఆపరేషన్ అంతకు ముందే అయిందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకపోవడానికి కారణం అది పెద్ద విషయమని ఎవరికీ అనిపించకపోవడమే. తాడ్వాయి వచ్చింది. బీడీలామె దిగేటప్పుడు తన చేతిలోని సగం కంకి చిన్నవాడికి ఇచ్చి దిగింది.

కామారెడ్డి, మొదటి రోజు

మేం పెద్ద దవాఖానకు చేరేసరికి ఓపీ అయిపోయింది. కామారెడ్డిలో రోగాలు మధ్యాహ్నం వరకే ఉంటాయి. మర్నాడు రమ్మన్నారు.

రైల్వే స్టేషన్ దగ్గర మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు ఉంటుంది. వాళ్ళింటికి పోయాం. పట్నం మర్యాద పట్నానిదే. మా దగ్గర చుట్టం వస్తే చెంబుతో నీళ్ళిస్తారు, "ఎన్ని దినాలుంటరు?" అని మాత్రం అడగరు. ఇక్కడ ఫ్రిజ్‌లోంచి సీసా తీసి ఇచ్చి, "రేపు ఎన్ని గంటల బస్సుకు పోతరు?" అని అడిగారు. అడిగినా, రాత్రికి జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, చుక్కకూర పప్పు చేసింది చిన్నమ్మ. ఆ పచ్చిపులుసులో ఉల్లిగడ్డలు కోసిన తీరుకు ఎన్ని ప్రశ్నలైనా క్షమించొచ్చు.

అన్నాల దగ్గర నన్ను చూసి చిన్నమ్మ గొంతు తగ్గించింది. "అది మంచిగుండదంటరే. తాడ్వాయామెకు గుండెకు..."

"తాడ్వాయేనా? ఖాయమేనా?"

"ఏమో మరి. ఎల్లారెడ్డి దిక్కు ఆమెనట."

అంటే రేపు నేను తిరిగి మా దిక్కుకు పోతే, ఆ ఆడమనిషిని నేనే అన్నమాట.

చిన్నబాపు, అంటే చిన్నమ్మ భర్త, రొట్టె తుంచుతున్నాడు. నాకు ఎందుకో ఒక సరదా పుట్టింది. "మగవాళ్ళకు కూడా ఆపరేషన్ ఉంటుంది కద చిన్నబాపూ. కోత పెద్దగ ఉండదట. అదే రోజు ఇంటికి రావచ్చట" అన్నాను.

రొట్టె ముక్క పప్పు గిన్నెకు, నోటికి నడుమ ఆగిపోయింది.

"మగోళ్ళకు గట్ల చేస్తే ఎట్ల బిడ్డా? బరువులు ఎత్తుకునేటోళ్ళు. పని చేసేటోళ్ళు" అన్నాడు ఆయన.

చిన్నబాపు రిటైరైన మనిషి. నేను చూస్తుండగా ఆ ఇంట్లో సిలిండర్‌ను చిన్నమ్మే దొర్లించుకుంటూ వంటింట్లోకి తెచ్చింది. ఆయన కాళ్ళు పైకి ఎత్తి దారి ఇచ్చాడు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సు తర్వాత ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

కామారెడ్డి, రెండో రోజు

ఇక్కడి సిస్టర్ కొంచెం వయసు మనిషి, నుదుట పెద్ద బొట్టు. మొగుడు దుబాయిలో ఉన్నాడంటే కలం ఆపలేదు. "సెలవుకొస్తుండా? ఎప్పుడు?" అన్నది. ఈ జిల్లాలో పుట్టిన మనిషి అని అర్థమైంది.

నేను ఫోన్లో చదివిందంతా అప్పజెప్పాను. చేతి చర్మం కింద పెట్టే చిన్న కడ్డీ ఒకటి ఉంటుందట, కొన్నేళ్ళు పనిచేస్తుందట, చాలా దేశాల్లో ఆడవాళ్ళు పెట్టించుకుంటున్నారట, మనకు లేదా?

"ఉన్నదట. మా గది దాకా ఇంక రాలేదు. వచ్చినప్పుడు ఫోన్ చేస్త" అన్నది. మా ఊరికి విదేశీ సబ్బులు వచ్చాయి, విదేశీ చాక్లెట్లు వచ్చాయి, అరబ్బు షేకుల సెంట్లు వచ్చాయి. కడ్డీ ఒక్కటే ఇంకా దారిలో ఉంది.

రక్తం చూసి, సరిపోతుందన్నది. ఇనుము గోలీలు మాత్రం మానొద్దన్నది. ఆ తర్వాత చిన్న డబ్బా చేతికిచ్చి, "మూత్రం పట్టుకరా. గర్భం లేదని చూడాలె" అన్నది.

"ఆయన దుబాయి పోయి రెండేళ్ళు కావస్తుంది మేడం."

"అందరికీ చేస్తం."

డబ్బా ఇచ్చి వచ్చి అత్తమ్మ పక్కన కూర్చున్నాను. ఏం పరీక్ష అని ఆమె అడిగింది, చెప్పాను. ఆమె నోట్లో వక్క నమలడం ఆపింది. ఏ తప్పూ చేయలేదని నాకు తెలుసు. అయినా డబ్బాలు మారిపోతే? పక్కామె డబ్బా మీద నా పేరు రాస్తే? మర్నాటికి ఊరికి ఏమని కబురు పోతుందో, ఏ బావి ఎంత లోతుందో కూడా ఆలోచించేశాను. డిగ్రీ మూడేళ్ళలో రాయని పరీక్షకు ఫలితం కోసం ఎదురుచూస్తూ చెమటలు పట్టించుకున్నాను.

తలుపు తీసి సిస్టర్ గట్టిగా అరిచింది. "నెగెటివ్!"

"అంటే ఏందమ్మా?" అని అత్తమ్మ లేచి నిలబడింది.

"లేదవ్వా, కడుపు లేదు."

"నాకెరికే" అన్నది అత్తమ్మ, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

లోపలికి పిలిచి సిస్టర్ ఆ వస్తువును చూపించింది. చిన్న తెల్లని ముక్క, దానికి రాగితీగ చుట్టి ఉంది, కింద సన్నని దారం. అత్తమ్మ చిన్నవాడిని ఎత్తుకొని తనూ లోపలికి వచ్చింది. వంగి, తునికాకు మంచిదో కాదో చూసినట్టు దాన్ని చూసింది.

"గిది పైకి పోతదా?"

"ఎక్కడికి పోతది అవ్వా? గర్భసంచిల ఉంటది. గుండెకు పోనీకి గక్కడ నుంచి తొవ్వ లేదు. ఎప్పుడన్న జారితే కిందికే జారుతది. గందుకే దారం చూసుకోమంటం, నెలకొకసారి."

"ఎన్నేండ్లుంటది?"

"పదేండ్ల దాక."

"నడుమల తీయమంటే తీస్తరా?"

"ఎప్పుడంటే అప్పుడు తీస్తం."

"తీసినంక మళ్ళ పిల్లలైతరా?"

"అయితరు అవ్వా."

"నిజంగ తీస్తరా? నగరు కద?"

సిస్టర్ ఆమె వైపు చూసింది. ఏమర్థమైందో గాని కుర్చీ లాగి కూర్చోబెట్టింది. "ఎందుకు నగుతం? అడుగుడు మీ హక్కు. తీసుడు మా పని."

అత్తమ్మ ఆ తెల్లని ముక్కను ఇంకా చూస్తూనే ఉంది. "మా కాలంల గిసొంటిది లేకుండె గద?"

"ఉండె అవ్వా" అన్నది సిస్టర్. "అప్పుడు గూడ ఉండె."

"ఉండెనా?"

"ఉండె."

"మరి నాకెవ్వలు చెప్పలే."

ఇక్కడిదాకా ఏదో ఒక ఎగతాళి చేస్తూ వచ్చాను. ఇక్కడ నాకు ఏదీ తోచలేదు. సిస్టర్ కూడా చేతులు కడుక్కోవడానికి పోయి, చాలాసేపు కడుక్కున్నది. అత్తమ్మ చిన్నవాడిని గట్టిగా భుజాన వేసుకొని బయటికి పోయింది.

ఇక నాది. "నొప్పేమీ ఉండదు" అని రాసినవాళ్ళందరినీ ఒకసారి ఆ బల్ల మీద పడుకోబెట్టాలి. నొప్పి ఉంటుంది. ఒక నిమిషం పాటు పొత్తికడుపును ఎవరో పిడికిట్లో పట్టి పిండినట్టు ఉంటుంది. "దగ్గు, దగ్గు" అన్నది సిస్టర్. దగ్గాను. అయిపోయింది. రెండు కాన్పులు అయిన మనిషికి అది నొప్పే కాదు. నిద్రలేని రాత్రుల ముందు అసలే కాదు. కొద్ది రోజులు ముట్టు ఎక్కువ కనిపించొచ్చని, మరీ ఎక్కువైతే ఆగకుండా రమ్మని, నెల తర్వాత ఒకసారి చూపించమని చెప్పింది.

"మా ఆయన సంతకం కావాలా?" అని అడిగాను.

"ఆయన కడుపుల పెట్టినమా?" అన్నది.

కామారెడ్డి బస్టాండు

ఎల్లారెడ్డి బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక అత్తమ్మ రెండు చాయ్‌లు తెచ్చింది. ఒకటి పది రూపాయలు, కప్పు మాత్రం మా ఊరి కప్పులో సగం. నాకు ఇస్తూ, "కడుపు పట్టుకొని కూసో. కుదుపులుంటయి" అన్నది. అప్పుడే ఫోన్ మోగింది. వీడియో కాల్. చిన్నవాడు ఎప్పటిలాగే ముందు నాకేశాడు. తుడిచి చూస్తే మా ఆయన ముఖం వాడిపోయి ఉంది. ఆయన వెనక ఇనుప మంచాలు, వాటికి ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయి.

"సెలవు ఎనుకకు పోయింది" అన్నాడు. "నా జాగల మనిషి దొరకలేదంట. దసరా దాక ఆగుమన్నరు. టికెట్ క్యాన్సిల్ చేసిన."

తిడతానేమో అని ఎదురుచూస్తున్నాడు. ఏడుస్తానేమో అని కూడా. నిన్న ఈ మాట విని ఉంటే దేవుడికి కొబ్బరికాయ కొట్టేదాన్ని. దసరా దాకా ప్రాణం దక్కిందని లెక్క వేసుకునేదాన్ని. మా ఆయన మంచివాడే. కొట్టడు, తాగడు, నెలనెలా పంపిస్తాడు. అయినా కాన్పు అయినప్పటి నుంచి ఆయన "వస్తున్న" అన్నప్పుడల్లా భయపడ్డాను. ఆ భయాన్ని ఆయన మీద ప్రేమ లేకపోవడమేమో అనుకొని ఇంకా భయపడ్డాను.

"నేను కామారెడ్డిల ఉన్న. కాపర్ టీ వేయించుకున్న" అన్నాను.

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. "నాకు చెప్పలే."

"చెప్తే వద్దంటవని చెప్పలే."

ఆలోచించి, "అంటుంటి" అని ఒప్పుకున్నాడు. తర్వాత ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకొని, పక్క మంచాలవాళ్ళకు వినపడకుండా అడిగాడు. "నొచ్చిందా?"

"కొద్దిగ."

"అమ్మ ఉన్నదా పక్కన?"

"ఉన్నది. చాయ్ తాగుతుంది."

"సరే మరి. దసరాకు వస్త."

డ్రైవర్ ఎక్కాడు. ఇంజన్ మొదలైంది. ఫోన్ పెట్టెయ్యబోతున్న ఆయన్ని ఆపాను. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగినట్టు గుర్తు, ఆ తర్వాత ఎప్పుడూ అడగని మాట.

"దసరా దాక ఎందుకు? ఇంకా ముందుగ రారాదు?"

తెర మీద ఆయన నా ముఖాన్ని నమ్మలేనట్టు చూశాడు. "ఏమన్నవ్?"

బస్సు చప్పుడులో వినపడలేదని నటిస్తున్నాడేమో. అత్తమ్మ ముఖం అటు తిప్పుకొని, "అబ్బో! ఏంది గీ సిగ్గులేని పోరి!" అని నవ్వుతూనే, చిన్నవాడిని నా ఒళ్ళోంచి తన ఒళ్ళోకి తీసుకుంది.

నేను ఈసారి గట్టిగా అడిగాను.